ముప్పై సెకన్ల కామమ్మ

సోమవారం ఉదయం 6:20.

పెద్దమొన దగ్గర, పులికాట్ సరస్సులో, నడుంలోతు నీళ్లలో శవం.

వలలో చుట్టుకుని ఉంది. వల రెండు కొసలూ నీళ్లలో పాతిన కొయ్యలకు గట్టిగా కట్టి ఉన్నాయి. వల పైన తేలే బెండ్లకు పచ్చరంగు, ఎర్రరంగు. తల వెనక లోతైన గాయం.

సీఐ రేవతి బూట్లు విప్పి నీళ్లలోకి దిగింది.

"ఎవరు?"

"సుధాకర్, మేడం. గూడూరాయన. పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాడు," అన్నాడు సమాధానం అనే హెడ్ కానిస్టేబుల్. "ఆ యాడ్ తీసింది కూడా ఈయనే."

ఏ యాడ్ అని రేవతి అడగలేదు. నాలుగు రోజులుగా దేశంలో అది చూడనివాడు లేడు.

గురువారం క్రికెట్ సెమీఫైనల్లో మొదటిసారి వచ్చింది. ముప్పై సెకన్లు. పెద్దమొన గట్టున, గవ్వలకుప్పం కామమ్మ అనే చేపల మనిషి నిలబడి ఉంటుంది. వెనక నీళ్లలో, కొయ్యలకు కట్టిన వల. "మా సరస్సు చచ్చిపోతా ఉండాది. చేపపిల్ల కూడా మిగల్లా. వేట ఆపెయ్యాల," అంటుంది. ఆ తర్వాత తెర మీద అక్షరాలు. 'మూడేళ్లు వేట నిషేధించండి. సరస్సును బతికించండి.' కింద ఒక ఫౌండేషన్ పేరు. దాని ట్రస్టీలు నలుగురికీ సరస్సు గట్టున రొయ్యల గుంటలున్నాయని గవ్వలకుప్పంలో అందరికీ తెలుసు. టీవీలో ఎవరూ చెప్పలేదు.

చర్చలు మాత్రం తెగ నడిచాయి. ఆట మధ్యలో ఇలాంటి ప్రకటనలేమిటని ఒకరు. పక్షుల కోసం మాట్లాడితే తప్పా అని ఇంకొకరు. ప్రకటనలోని అభిప్రాయాలతో మాకు సంబంధం లేదని చానల్. డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం సంబంధం ఉంది.

శుక్రవారం ఆ జాలరి కుప్పమంతా కూడింది. కులపెద్ద మాలకొండయ్య తీర్పు చెప్పాడు. కామమ్మతో ఎవరూ మాట్లాడకూడదు. ఆమె బిందె కుళాయి కింద పెట్టకూడదు.

ఆదివారం ఫైనల్. మధ్యాహ్నం రెండుకు మొదలు. రేవులో పెద్ద తెర కట్టారు. 3:40కి ఆ యాడ్ మళ్లీ వచ్చింది.

సోమవారం పొద్దుటికి దాన్ని తీసినవాడు శవం.

*

"ఈ వల ఎవరిది?"

గట్టు మీద యాభైమంది ఉన్నారు. మాలకొండయ్య మాత్రం కండువా దులుపుకుని ముందుకొచ్చాడు.

"కామమ్మ కొడుకుదమ్మా. పెంచలకృష్ణది. పచ్చా ఎరుపూ వాడి గుర్తు."

"ఇంకేమైనా చెప్పేదుందా?"

"నాకు తెలిసిందింతే."

పెంచలకృష్ణకు పాతికేళ్లు. ఒళ్లంతా ఉప్పుగాలికి మాడిన నలుపు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న యాడ్ వచ్చినప్పుడు ఏమన్నావు?"

"ఆ కెమెరావోడు దొరికితే నరుకుతానన్నా."

"తర్వాత?"

"లేచి పోయినా. జనం మా అమ్మని చూసి కాండ్రించి ఉమ్మినారు మేడం. అక్కడ కూర్చోమంటారా?"

"ఎక్కడికి?"

"ఉప్పుటేటి గట్టుకి. ఒక్కణ్ణే. చూసినోళ్లెవరూ లేరు. నన్ను తీసకపోండి. ఊరంతా కోరుకునేది అదే కదా."

"వల ఎక్కడ పెడతావు?"

"గట్టు మీద గుడిసెలో. చూరుకి తగిలించుంటది. తలుపు లేదు. ఎవరైనా తీసకపోవచ్చు."

పోస్ట్‌మార్టం రిపోర్ట్ మధ్యాహ్నానికే వచ్చింది. చావు ఆదివారం సాయంత్రం 4 నుంచి 5:30 మధ్య. ముందు తల మీద దెబ్బ. ఊపిరితిత్తుల్లో ఉప్పునీరు. కెమెరా బ్యాగ్ గట్టు తుమ్మల్లో దొరికింది. మెమరీ కార్డ్ లేదు. ఫోన్ లేదు.

కాల్ రికార్డులో చివరి రెండు కాల్స్. 3:58కి ఫౌండేషన్ కోఆర్డినేటర్ నరేంద్రబాబుకు, రెండు నిమిషాలు. 4:01కి కామమ్మకు, నలభై సెకన్లు.

కామమ్మ వాకిట్లో ఖాళీ బిందెలు బోర్లించి ఉన్నాయి. ఆమె లేవలేదు.

"ఏం చెప్పాడమ్మా సుధాకర్?"

"అక్కా, నేను పాపం చేసినా, నువ్వు చెప్పిందంతా నా దగ్గరుండాది, రేవుకి తెస్తన్నా, ఊరందరికీ చూపిస్తా అన్నాడు." ఆమె ఒక బిందెను పక్కకు నెట్టింది. "నేను చెప్పింది అది కాదు మేడం. అరగంట మాట్లాడినా. మూడు ముక్కలు ఏరుకున్నారు. ఇప్పుడు నా బిడ్డ హంతకుడా?"

*

నరేంద్రబాబు తెల్లచొక్కా మీద పక్షి బొమ్మ బ్యాడ్జ్ పెట్టుకుని స్టేషన్‌కొచ్చాడు. చేతిలో రెండు ఫోన్లు. రెండూ మోగుతూనే ఉన్నాయి.

"సుధాకర్ మీకెందుకు ఫోన్ చేశాడు?"

"బ్యాలెన్స్ పేమెంట్ గురించి మేడం."

"ఆ టైంలో మీరెక్కడ?"

"రేవులోనే. ఆ తెర పెట్టించింది మా ఫౌండేషనే. 4:10కి జనరేటర్‌కి డీజిల్ కోసం దొరవారిసత్రం పోయినా. 5:25కి వచ్చేసినా."

"ఒక మనిషి చచ్చిపోయాడు. యాడ్ ఆపుతారా?"

నరేంద్రబాబు నవ్వాడు. "ఆపితే ఎట్టా మేడం? ముప్పై సెకన్లకి డబ్బు కట్టినాం. నాలుగు రోజులు చానల్స్ అన్నీ ఫ్రీగా చూపించినాయి. జనం తిట్టేకొద్దీ మా పేరే కదా వినపడేది. ఇప్పుడు హత్య కూడా. వేటగాళ్లు ఎట్టాంటి వాళ్లో దేశానికి తెలిసింది."

రేవతి పెన్ను బల్ల మీద పెట్టింది. చెయ్యి చాచి కొట్టాలనిపించింది. కొట్టలేదు.

"మీరు వెళ్లొచ్చు."

అతను గుమ్మం దాటేలోపే ఇంకొకాయన లోపలికొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. సరస్సుకు అవతలి గట్టున ఏటిమొగకుప్పం. పేరు హజరత్తయ్య.

"కంప్లైంట్ రాసుకోండయ్యా."

"ఏమైంది తాతా?" అన్నాడు సమాధానం.

"ఆదివారం పెద్దమొనలో వేట మా వంతు. దినం విడిచి దినం. శనివారం వాళ్లది, ఆదివారం మాది. మా పిల్లనాయాళ్లు మేచ్చి చూడాలని దిగలా. దిగకపోతే మాత్రం మా వంతు మాది కాకుండా పోతాదా? గవ్వలకుప్పపోళ్ల వల మా వంతు రోజు ఆ కొయ్యలకి ఎట్టా కడతారు? జుర్మానా కట్టించండి."

సమాధానం పగలబడి నవ్వాడు. "అక్కడ శవం లేచింది తాతా!"

"శవం సంగతి మీరు చూసుకోండి. మా వంతు సంగతి ఎవరు చూస్తారు?"

రేవతి నవ్వలేదు. కుర్చీ చూపించింది.

"కూర్చోండి. వంతు తప్పితే ఏం చేస్తారు?"

"తప్పినోడొక్కడికే కాదమ్మా. ఆ కుప్పం మొత్తానికి నెల రోజులు పెద్దమొన బంద్. మా తాతల నాటి కట్టు. నా ఎరుకలో ఎవురూ తప్పలా. తాగినోడు కూడా తప్పలా."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"ఇదేం ప్రశ్నమ్మా? పాలు తాగే బిడ్డకి తప్ప అందరికీ తెలుసు."

రేవతి కంప్లైంట్ రాయించింది. ఆయన వేలిముద్ర తీసుకుంది. తర్వాత ఫోన్‌లో ఆ యాడ్ పెట్టి, కామమ్మ వెనక ఉన్న నీళ్లను పదకొండుసార్లు చూసింది.

*

బుధవారం ఉదయం 11. గవ్వలకుప్పం రేవు.

తెర ఇంకా విప్పలేదు. రెండు కుప్పాల వాళ్లూ వచ్చారు. మైకులు పట్టుకుని రిపోర్టర్లు వచ్చారు. పెంచలకృష్ణ చేతులకు బేడీలు. కామమ్మ పక్కన నాలుగడుగుల దూరం వరకూ ఎవరూ నిలబడలేదు.

"నరేంద్రబాబు గారూ, మీరు చదువుకున్నవాళ్లు. అసలేం జరిగుంటుందో మీరు చెప్పండి," అంది రేవతి.

కెమెరాలు తిరిగాయి. నరేంద్రబాబు గొంతు సవరించుకున్నాడు.

"ఏముంది మేడం. అందరూ మ్యాచ్‌లో ఉన్నారు. ఇతను కోపంతో వేటకి పోయినాడు. సుధాకర్ వెతుక్కుంటా అక్కడికే పోయినాడు. మాటామాటా పెరిగింది."

"వేటకి ఎక్కడికి?"

"ఇంకెక్కడికి? పెద్దమొనకి. అతని చోటు అదే కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. రెండు కుప్పాల వాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మళ్లీ చెప్పండి," అంది రేవతి.

"అదే... యాడ్‌లో కూడా ఉంది కదా. అతని వల, ఆ కొయ్యలకే."

"షూటింగ్ జరిగింది వీళ్ల వంతు రోజున. ఆదివారం అవతలి కుప్పం వంతు. ఆ రోజు ఈ ఊరివాడెవడూ పెద్దమొనలో వల కట్టడు. కడితే ఊరు మొత్తానికి నెల రోజులు కూడు పోతుంది. హంతకుడు శవాన్ని నీళ్లలోకి తోసి ఊరుకోలేదు. వల తెచ్చి, కొసలు కొయ్యలకు కట్టాడు. కృష్ణ అక్కడ వేట చేస్తున్నాడని మనం నమ్మాలని. అంటే వాడు వల ఎవరిదో ఎరుగును, చోటు ఎరుగును. వంతు మాత్రం ఎరగడు. షూటింగ్ రోజు ఇక్కడికొచ్చిన బయటివాళ్లు ఇద్దరే, సుధాకర్, మీరు. ఒకడు చచ్చిపోయాడు."

"ఇది సాక్ష్యం కాదు మేడం!"

"కాదు. సాక్ష్యం వేరే ఉంది. దొరవారిసత్రం పెట్రోల్ బంకుల్లో సీసీ కెమెరాలు చూశాను. ఆదివారం మీ కారు ఎక్కడా రాలేదు. డీజిల్‌కి కాదు, అంతా ఊరికి చూపిస్తానన్న సుధాకర్‌ని దారిలో ఆపడానికి పోయారు. పొద్దున 9:30కి, మీరు దగ్గర లేనప్పుడు, మీ కారు డిక్కీ తెరిపించాను. స్పేర్ టైరు కింద సుధాకర్ ఫోన్. జాకీ రాడ్‌కి రక్తం. ఫోన్ పారేస్తే సరిపోయేది. ఆ వీడియో అందులోంచి ఇంకెవరికి పంపాడో చూడాలనుకున్నారు కదూ?"

నరేంద్రబాబు వెనక్కి తిరిగాడు. సమాధానం అప్పటికే అతని చొక్కా కాలర్ పట్టుకున్నాడు.

"కార్డ్ లేదు!" అని అరిచాడు నరేంద్రబాబు. "కాల్చేసినా! మీరేం చూపిస్తారు జనానికి?"

సుధాకర్ భార్య వెన్నెల జనంలోంచి ముందుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. చేతిలో హార్డ్ డిస్క్.

"పెళ్లి వీడియో పోతే మళ్లీ పెళ్లి చెయ్యలేరు కదా," అంది. "అందుకని ఏది తీసినా ఆ రోజే రెండుచోట్ల కాపీ పెడతాడు. నీకు తెలవదా?"

తెర మీద కామమ్మ కనిపించింది. ఈసారి ముప్పై సెకన్లు కాదు.

"రొయ్యల గుంటల మురుగు వదలతా ఉండారు. అందుకే మా సరస్సు చచ్చిపోతా ఉండాది. చేపపిల్ల కూడా మిగల్లా. ఆఫీసుకి పోతే మీరే వేట ఆపెయ్యాల అంటన్నారు. మేమెందుకాపాలయ్యా? వాళ్ల గొట్టాలు మూయించండి ముందు. మా మగోళ్లు వంతు తప్పినోళ్లు కారు. నీళ్లని కన్నబిడ్డ లెక్క చూసుకునేది వీళ్లే."

ఆడవాళ్లు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు తలలు దించారు.

రేవతి బేడీలు విప్పింది. తర్వాత మాలకొండయ్య వైపు తిరిగింది.

"ఆదివారం మీ వంతు కాదని సోమవారం పొద్దున మీకు తెలుసు. అడిగాను. ఇంతే అన్నారు."

"కోపమమ్మా. ఊరి పరువు తీసిందని కోపం. పోతే పోనీ అనుకున్నా." ముసలాయన కామమ్మ వైపు రెండడుగులు వేశాడు. "తీర్పు కొట్టేస్తన్నా కామమ్మా. బిందెలు తెచ్చుకో. నేనే పట్టిస్తా."

కామమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నీళ్లెవరు అడిగినారు మామా? నా కొడుకు ఉరికంబం ఎక్కతా ఉంటే నోరు మూసుకుంటివే. ఆ నాయాలు నా మాట కోసినాడు. నువ్వు నీ మాట మింగినావు. ఏం తేడా?"



ఆమె రిపోర్టర్ చేతిలోంచి మైకు లాక్కుంది. తెచ్చి కులపెద్ద గడ్డం కింద పెట్టింది.

"సోమవారం నీకేం తెలుసో చెప్పు. కోర్టులో కూడా ఇదే చెప్పాల. ఊరుంది, దేశముంది, చెప్పు."

తర్వాత కెమెరామన్ వైపు తిరిగింది.

"అబ్బయ్యా, ఈయన చెప్పిందంతా చూపించాల. ఒక్క ముక్క కోసినావంటే, నీ ఆఫీసు ముందర కూర్చుంటా."

మాలకొండయ్య కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.