కుడివైపు బటన్

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, ఆవిడ ముందుగదిలోకి తొంగిచూసింది. భర్త కుర్చీలోనే ఉన్నాడు. ఛాతీ పైకీ కిందికీ కదులుతోంది. హమ్మయ్య అనుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది. ఆయనకి పక్షవాతం వచ్చి ఐదు నెలలైంది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, ఆవిడ తొంగిచూపు మాత్రం పోలేదు.

ఆయన దర్జీ. ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన కుడిచెయ్యి ఇప్పుడు ఒళ్లో ఎవరో మరిచిపోయిన సంచిలా పడి ఉంటోంది. బొటనవేలు బొత్తిగా మొండికేసింది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ రబ్బరు బంతి ఇస్తే రెండురోజులు పిసికి మూలకి విసిరేశాడు. "వాడకపోతే బిగుసుకుపోతుంది. ఈ కొన్ని నెలలే ముఖ్యం, తర్వాత నేనూ ఏం చెయ్యలేను" అని ఆ డాక్టరమ్మ ముందే చెప్పింది.

అందుకే కూతురు అటక మీంచి పాత వీడియో గేమ్ దించింది. పెట్టె ఎప్పుడో పాడైంది, చేత్తో పట్టుకునే కంట్రోలర్ బాగానే ఉంది. ఆ పిల్ల చిన్నప్పుడు తండ్రీ కూతుళ్లు పోటీపడి ఆడిన ఆటే, ఇప్పుడు కంప్యూటర్‌లోనూ దొరుకుతోంది. దాని వెడల్పాటి పిన్ను ఇప్పటి కంప్యూటర్‌లో ఎక్కడా పట్టదు. ఆ రెండింటికీ రాయబారం నడపడానికి అగ్గిపెట్టెంత అడాప్టర్ కొనుక్కొచ్చింది.

"కరెంటు కొట్టదు కదే?"

"సెల్‌ఫోన్ ఛార్జర్‌కున్నంత కూడా ఉండదమ్మా."

"ఆ ఛార్జర్లే పేలుతున్నాయట."

"నీకు చెప్పే వాళ్లెవరోగాని, వాళ్లని ఒకసారి చూడాలమ్మా."

కంట్రోలర్ పనిచేసింది గాని, ఏ బటన్ దేనికో కంప్యూటర్‌కి తెలియలేదు. ఒక్కొక్కటే నేర్పాలట. తెర మీద దూకడానికి ఒక గడి, పరిగెత్తడానికి ఒక గడి. గడి తెరిచి ఏ బటన్ నొక్కితే ఆ పని ఆ బటన్‌దే. దూకడానికి కూతురు కుడివైపు బటన్ నొక్కింది. ఆవిడ వెనక నిలబడి అంతా చూసింది. మిషను సూదిలో దారం ఎక్కించడం కన్నా సులువే అనుకుంది.

మొదటిరోజు ఆట పావుగంట కూడా సాగలేదు. తెర మీద బుడ్డోడు గొయ్యి దాకా పరిగెత్తేవాడు. ఆయన బొటనవేలు వణికేది, బటన్ దిగేది కాదు. బుడ్డోడు పడిపోయేవాడు. పన్నెండుసార్లు పడ్డాక ఆయన కంట్రోలర్ పక్కన పెట్టి గోడవైపు తిరిగాడు. భుజాలు కదలడం ఆవిడ చూసింది. ఈ బెంగతో తిండి మానేస్తే? బీపీ పెరిగి రెండోసారి వస్తే?

మర్నాడు కూతురు ఆఫీసుకి వెళ్లగానే, ఆయన స్నానానికి లేచిన సమయం చూసి, ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. దూకే గడి తెరిచి ఎడమ చూపుడువేలి కింద ఉండే బటన్ నొక్కింది.

"అమ్మాయి మార్చి వెళ్లిందండీ" అంది ఆయన వచ్చాక. తనే చేశానంటే కోప్పడతాడని భయం. "ఇక ఎడమచేత్తోనే ఆడొచ్చు."

ఆయన కుడిచెయ్యి వైపు కాసేపు చూసుకున్నాడు. ఎడమచేత్తో ఆడాడు. బుడ్డోడు గొయ్యి దాటాడు.

"నాన్న ఆటలో మూడో మెట్టు దాటారే" అని సాయంత్రం చెబితే కూతురు ముఖం వెలిగిపోయింది. వేలు పనిచేస్తోందని పొంగిపోయింది. ఆవిడ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కూతురు కలిసి ఆడదామంటే ఆయన "అలిసిపోయాను తల్లీ" అనేవాడు. అలా మూడువారాలు గడిచాయి.

డాక్టరమ్మ బొటనవేలు వంచి చూసి పెదవి విరిచింది. "పోయినసారి కన్నా బిగుసుకుంది. అసలు వాడుతున్నారా?"

అమ్మానాన్నలతో అక్కణ్ణుంచి ఇంటికొచ్చిన కూతురు చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ తెరిచింది.

"దీన్ని ఎవరు మార్చారు?"

"నువ్వేగా" అన్నాడు తండ్రి.

"నేనెందుకు మారుస్తాను నాన్నా?"

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేనే" అంది ఆవిడ. "పడ్డప్పుడల్లా ఆయన ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా? ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నది నేను."

"పడితే ఆట మళ్లీ మొదలవుతుందమ్మా. చెయ్యి అలా కాదు. మూడువారాలు పోయాయి."

ఆయన మెల్లగా, అలసటగా మాట్లాడాడు. "మీ అమ్మని అనకు. తప్పు నాదీ ఉంది. నువ్వే మార్చావని తను అంటే, ఇక ఈ చెయ్యి రాదని నీకు తెలిసిపోయిందనుకున్నాను. నాకు చెప్పలేక ఇలా సర్దావులే అనుకున్నాను. అందుకే వదిలేశాను."

ఆవిడ మంచం అంచున కూలబడింది. ఇక రాదు అన్న మాట ఏ డాక్టరు నోట వినాల్సొస్తుందోనని ఐదు నెలలుగా వణికింది. చివరికి ఆ మాట ఆయనకి చేరవేసింది తన చెయ్యే.

"క్షమించండి" అంటూ కొంగులో ముఖం దాచుకుంది.

"ఏడవకు. రా, నువ్వే తెరువు ఆ గడి."

తెరిచింది. ఆయన బొటనవేలు కుడివైపు బటన్ మీద ఆనించాడు. వణికి జారింది. ఆవిడ చెయ్యి దానంతటదే సాయానికి వెళ్లింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది. నాలుగోసారికి బటన్ దిగింది, గడి నిండింది.

ఆట మొదలైంది. బుడ్డోడు పరిగెత్తాడు. వేలు ఆలస్యమైంది, తిన్నగా గోతిలో పడ్డాడు.

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, భర్త పక్కకి కుర్చీ జరుపుకుంది.

"మళ్లీ ఆడండి" అంది.