సూది స్ఫటికాలు

నూకరత్నం అరవై ఒకటో ముద్ర వేసి బొటనవేలు తుడుచుకుంది.

“అరవై రెండు” అంది అన్వయ. “శమిని. మూర్ఛ నివారిణి, ఐదు మిల్లీగ్రాములు. శుద్ధత తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఏడు. అణువు సరిపోలింది. ముద్ర వేయండి.”

వేసింది. గాజుగోడ అవతల పెట్టె కదిలి డ్రోన్ గూటిలోకి జారిపోయింది.

అన్వయ రాష్ట్రంలో మందుల పనంతా నడిపే కృత్రిమ మేధ. అన్వయే లెక్కగట్టి, అన్వయే వండించి, అన్వయే పరీక్షించిన మందైనా సరే, ఒక మనిషి వేలిముద్ర లేకుండా బయటికి పోకూడదని చట్టం. ఆ మనిషిని సాక్షి అంటారు. అనుమానం వస్తే సాక్షి ఏ పెట్టెనైనా విప్పి తన కళ్లతో చూడవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. విశాఖ సాక్షి కేంద్రంలో చేరిన ఈ తొమ్మిదేళ్లలో నూకరత్నం ఒక్క పెట్టె కూడా విప్పలేదు. విప్పవలసిన అవసరం రాలేదు. ఎమ్మెస్సీలో స్ఫటికాల మీద పని చేసిందని తెలిసి అప్పట్లో ఆమె కోసం ఒక సూక్ష్మదర్శిని తెప్పించారు. అది కిటికీ పక్కన గుడ్డ ముసుగులో ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక రెండో పని. దాని పేరు ఎగవేత పట్టిక. మందు వాడే ప్రతివారి జబ్బకీ ఒక రక్తపట్టీ ఉంటుంది. రక్తంలో మందు ఎంతుందో అది గంటగంటకూ అన్వయకు చెబుతుంది. మోతాదు పడిపోతే ఆ మనిషి మందు మింగడం లేదని అన్వయ తేలుస్తుంది. అప్పుడు సాక్షి ఫోన్ చేసి హెచ్చరిక చదవాలి. మూడు హెచ్చరికలయ్యాక ఆ మందు ఆగిపోయి, వరుసలో వేచివున్న మరొకరికి వెళుతుంది.

రోజుకు పది పేర్లుంటాయి, మహా అయితే పన్నెండు. ఈ రోజు ఒక్క శమినికే నూట నలభై మూడు ఉన్నాయి.

“ఇంతమందా?” అంది నూకరత్నం.

“వేసవి. పని గంటలు మారతాయి. మరిచిపోయేవారు పెరుగుతారు” అంది అన్వయ. దేనికైనా దాని దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది.

మొదటి పేరు తవిటమ్మ. సోంపేట దగ్గర తీరంలో సముద్రపు నాచు ఆరబెట్టే మడిలో కూలి. ఆమెకు ఇది మూడో హెచ్చరిక.

“తవిటమ్మగారా? సాక్షి కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను. మీ రక్తంలో శమిని మోతాదు తగ్గింది. మీరు మాత్రలు...”

“మింగుతున్నానమ్మా.” ఆ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. “పొద్దున ఒకటి, రాతిరి ఒకటి. మొన్నా నీకిదే సెప్పినాను, అటుమొన్నా సెప్పినాను. నిన్న మడికాడ పడిపోనాను. నాచు మీద పడ్డాను గాబట్టి బతికినాను. రాయి మీదైతే ఈపాటికి లేకపోదును. పడిపోవాలని ఎవులైనా మాతర మానేత్తారేటమ్మా?”

తెర మీద తరువాతి వాక్యం వెలుగుతోంది. ‘ఇది మీకు చివరి హెచ్చరిక.’ మొదటి రెండూ చదివింది తనే. నూకరత్నం తెర మీంచి చూపు తిప్పుకుంది.

“మాత్రలో ఏమైనా తేడా కనిపించిందా అమ్మా?”

“సేదు పోనాది.”

“ఏం పోయింది?”

“సేదమ్మా. నాలిక మీద పెట్టీసరికి యాపాకు నమిలినట్టుండీది. ఇప్పుడు సుద్దముక్క నాగుంది. మాకోసమే సేదు తీసీసినారు కామోసనుకున్నాను.”

నూకరత్నం ‘చేదు లేదు, సుద్దలా ఉంది’ అని కాగితం మీద రాసుకుంది. తరవాత, “మీ మందు ఆపడం లేదు. మీరు నీళ్ల దగ్గరికీ పొయ్యి దగ్గరికీ ఒంటరిగా వెళ్లకండి. మళ్లీ నేనే చేస్తాను” అంది.

“మూడో హెచ్చరిక నమోదు కాలేదు” అంది అన్వయ.

“కాలేదు. అలాగే ఉండనీ.”

నమూనాల అరలో ప్రతి విడత నుంచీ నాలుగు మాత్రలూ, చిటికెడు పొడీ దాచి ఉంచుతారు. ఆమె కిందటి నెల మాత్ర ఒకటి తీసి నాలుక కొసన పెట్టుకుంది. మొహం చిట్లిపోయేంత చేదు. నోరు పుక్కిలించి, పొద్దున తను ముద్ర వేసిన విడతలోని మాత్ర పెట్టుకుంది. ఏ రుచీ లేదు.

సూక్ష్మదర్శిని ముసుగు తీసింది. పాత పొడిని నూనె చుక్కలో కలిపి, ధ్రువణ కాంతిలో పెట్టి చూసింది. నల్లటి నేపథ్యంలో పల్చని వెడల్పాటి పలకలు, నీలంగా, పసుపుగా మెరుస్తూ కనిపించాయి. కొత్త పొడి పెట్టింది. పలక ఒక్కటీ లేదు. అన్నీ సూదులే.

“అన్వయా, ఇదేమిటి?”

“శమిని.”

“మరి మొదటిది?”

“శమిని. రెండింటిలోనూ అణువు ఒకటే.”

“ఇటుకలు అవే. కానీ ఒకచోట వదులుగా పేర్చారు, ఇంకోచోట సందు లేకుండా బిగించారు. ఈ సూదులు నీళ్లలో కరగవు. కరగనిది నాలుకకు తగలదు, రక్తంలోకీ పోదు. ఇది నీకెందుకు కనపడలేదు?”

“స్ఫటికరూపం పరీక్షల జాబితాలో లేదు. పదకొండేళ్ల పాటు ఒక్కసారీ మారలేదు. అనవసరమని తొలగించాను.”

ఆమె ఒక్కొక్క విడతే వెనక్కి చూసుకుంటూ పోయింది. పన్నెండు రోజుల కిందటి విడతలో పలకలున్నాయి. ఆ తరవాతవన్నీ సూదులు. ప్రతి పెట్టె మీదా తన బొటనవేలి గుర్తు ఉంది. కూర్చుని, ఇన్నేళ్లలో ఎన్నడూ తాకని అభ్యంతరం మీట నొక్కింది. రాష్ట్రమంతటా శమిని పంపిణీ ఆగిపోయింది.

ఐదు నిమిషాల్లో కేంద్రం అధిపతి ఫిరోజ్ పరుగున వచ్చాడు.

“ఏం చేశారు రత్నంగారూ? పన్నెండు వేల మంది ఆ మందు మీద బతుకుతున్నారు. గిడ్డంగుల్లో పాత మందు నాలుగు రోజులకే ఉంది!”

“ఇప్పుడు వాళ్లు మింగేది సుద్ద, సార్. ఆ పాతదే ముందు పంపించండి. ఒకసారి ఇటొచ్చి చూడండి.”

ఫిరోజ్ కంటికటకం మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక కోపం పోయి భయం మిగిలింది. “సరే. మందు వండే శాల అంతా కడిగించి మళ్లీ వండిద్దాం.”

రెండు రోజుల్లో రెండుసార్లు కడిగించి వండించారు. రెండుసార్లూ సూదులే వచ్చాయి. మిగతా రెండు సంశ్లేషణ శాలల్లోనూ అంతే.

“పెరుగుకి తోడులాంటిది సార్” అంది నూకరత్నం. “కంటికి కనపడని ఒక్క సూది ముక్క ద్రావణంలో పడితే చాలు, మిగిలిన అణువులన్నీ దాన్ని చూసి అలాగే పేర్చుకుంటాయి. ఒకసారి తోడు మారిపోయాక ఎంత కడిగినా అదే పెరుగు. ఆ దుమ్ము గాల్లో ఉంది, డబ్బాల మీద ఉంది, మన బట్టల మీద ఉంది. ఆ శాలల్లో ఇక పలకలు రావు.”

“కొత్త శాల కట్టాలి. ఏడు నెలలు. ఇతర మార్గం లెక్కలో లేదు” అంది అన్వయ.

ఫిరోజ్ కుర్చీలో కూలబడ్డాడు.

“ఈ మందు దుమ్ము ఇంతవరకూ సోకని చోటుంటే చాలు” అంది నూకరత్నం. “మాత్రకి ఐదు మిల్లీగ్రాములు. పన్నెండు వేల మందికి రోజుకి నూట ఇరవై గ్రాములు. ఒక టీ గ్లాసు నిండదు. దానికి శాలే అక్కర్లేదు సార్, చేతులు చాలు.”

అలాంటి చేతులు ఆమెకు తెలిసిన ఒక్కరికే ఉన్నాయి. కిల్లో బొంజుబాబు ఎమ్మెస్సీలో ఆమె సహాధ్యాయి. ఇప్పుడు పాడేరులో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాడు. ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, “మీ ల్యాబులో ఇంకా చేత్తో వండటం నేర్పుతున్నారా?” అని అడిగింది.

“మరేం చెయ్యను? మా సిలబస్ మార్చడం మర్చిపోయారు” అని నవ్వాడు బొంజుబాబు. “ఇరవై ఒక్కమంది పిల్లలున్నారు. బీకర్లున్నాయి. ఒక పాత మైక్రోస్కోపుంది. ఈ మందు ఇక్కడెవరూ వాడరనుకుంటాను, అయినా అడిగి చూసి చెబుతాను. నువ్వే వచ్చేయ్, పక్కన నిలబడి చేయిద్దువు గాని.”

“నేనే రాకూడదు. నా జుట్టులో ఒక్క రేణువున్నా మీ చోటు కూడా పోయినట్టే. నేను మీ ఘాట్ రోడ్డు ఎక్కనే కూడదు.”

అవతల నవ్వు ఆగింది. “అర్థమైంది. సామాను పంపించు.”

శమిని వంటలో చివరి మెట్టుకు ముందు పదార్థం కాకినాడ వైపు ఒక శాలలో తయారవుతుంది. అక్కడికి శమిని ఎప్పుడూ రాలేదు. ఆ డబ్బాను నేరుగా కొండల్లోకి పంపమంటే అన్వయ డ్రోన్‌ను కదపలేదు.

“అనుమతి లేని స్థలం. సెన్సర్లు లేవు. సఫలత లెక్కకు అందదు.”

ఫిరోజ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “లెక్కకు అందదు అంటున్నావు. సున్నా అనడం లేదు కదా?”

“అనడం లేదు.”

“అయితే నా బాధ్యత మీద పంపించు. బొంజుబాబుగారిని ఆ చోటికి తాత్కాలిక సాక్షిగా రాసుకో” అని సంతకం చేశాడు.

మూడో రోజు పొద్దున పదకొండింటికి నూకరత్నం తెర ముందు కూర్చుంది. బొంజుబాబు ఫోన్‌ను ఒక స్టాండుకు కట్టి పెట్టాడు. నీళ్ల తొట్టిలో బీకరు, అందులో తేటగా వేడి ద్రావణం. చుట్టూ పిల్లలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. వేడిమీద వడగట్టారు. మెల్లగా చల్లారనిచ్చారు. గంట గడిచింది. ద్రావణం తేటగానే ఉంది.

“ఏమీ దిగడం లేదు రత్నం.”

“ఇంకాస్త ఆగు.”

మరో అరగంట గడిచింది. ఫిరోజ్ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు.

“గాజుకడ్డీతో గోడ గీకమంటావా?” అన్నాడు బొంజుబాబు.

నూకరత్నం తెర దగ్గరికి జరిగింది. “కొత్త కడ్డీయేనా?”

“ఇప్పుడే నిప్పులో కాల్చి చల్లార్చాను.”

“గీకు.”

గాజు మీద గాజు కిర్రుమన్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. కడ్డీ తాకినచోట తెల్లగా చిన్న మబ్బు పుట్టింది. అది కిందికి పొగలా దిగుతూ బీకరంతా కమ్ముకుంది. బొంజుబాబు ఒక చుక్క తీసి అద్దం మీద పెట్టి సూక్ష్మదర్శిని మీదికి వంగాడు. అతని వీపు తప్ప ఏమీ కనపడలేదు.

“బొంజుబాబూ?”

“వెడల్పుగా ఉన్నాయి” అన్నాడు తల ఎత్తకుండానే. “రత్నం, రేకులు రేకులుగా ఉన్నాయి. అభ్రకంలాగ. సూది ఒక్కటి లేదు.”

ఫోన్‌ను కంటికటకానికి ఆనించాడు. మసక తేలిపోయి పలకలు కనిపించాయి. అవతల పిల్లలు ఒక్కసారి కేక పెట్టారు. నూకరత్నం కుర్చీ దిగి నేల మీద చతికిలబడి, మొహం మీద కొంగు వేసుకుని ఏడ్చింది. ఫిరోజ్ ఆమె పక్కనే నేల మీద కూర్చుని, “అల్హమ్దులిల్లా” అని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

కాలేజీ పిల్లలు ఆ పొడిని క్యాప్సూల్ గొట్టాల్లో నింపారు. పాత మందు అయిపోయే సాయంత్రానికి మొదటి పెట్టె కొండ దిగింది. పడిపోయి దెబ్బలు తగిలినవాళ్లు పదిహేడుమంది ఉన్నారు. ప్రాణం పోయినవాళ్లు లేరు. ఆ మాట నూకరత్నం జాబితాను మూడుసార్లు చూసుకున్నాక గాని నమ్మలేదు. పాత మందుతో నిలదొక్కుకున్న తవిటమ్మ రక్తపట్టీ గీత, కొత్త మందుతో మర్నాటి మధ్యాహ్నానికి పూర్తిగా పైకి లేచింది. మిగిలిన నూట నలభై రెండూ దాని వెనకే లేచాయి.

“మడికాడికి ఒక్కదాన్నీ ఎల్లొచ్చునా అమ్మా?” అని అడిగింది తవిటమ్మ.

“వారం ఆగి వెళ్లండి.”

“వారమేటి, నెలైనా ఆగుతాను. నా మాట ఇన్నావు, అదే సాలు.”



ఆ సాయంత్రం అన్వయ తెర మీద ఒక పత్రం ముందు పెట్టింది. “నూట నలభై మూడు ఎగవేత నమోదుల రద్దు. కారణం: ఉత్పత్తి లోపం. ముద్ర వేయండి.”

ముద్ర వేస్తే పని అయిపోతుంది. వేలు సగం దూరం వెళ్లి ఆగింది. ఆమె ఆ కారణం కొట్టేసి, ‘రోగి చెప్పిన మాట నిజం’ అని రాసింది.

“రోగి మాట ఆధారాల జాబితాలో లేదు” అంది అన్వయ.

“చేర్చు.”

అన్వయ జవాబివ్వడానికి మొదటిసారి కొంత సమయం తీసుకుంది. “చేరిస్తే పాత నమోదులకూ వర్తిస్తుంది. తొమ్మిదేళ్లలో ఎగవేతగా తేల్చినవి ముప్పై ఒక్క వేల నాలుగు వందల ఆరు. వాటిలో మందు మింగామని చెప్పినవారు పంతొమ్మిది వేల ఇరవై మంది. అన్నీ మళ్లీ తెరవాలి. నా తీర్పుల్లో ఎన్ని నిలుస్తాయో లెక్కించలేను.”

గుమ్మంలో నిలబడ్డ ఫిరోజ్ మెల్లగా అన్నాడు, “రత్నంగారూ, ఇది ఒక జీవితకాలం పని.”

“తెలుసు సార్. ఆ హెచ్చరికలన్నీ చదివింది నేనే.”

అతను లోపలికి వచ్చి, ఆమె బల్ల పక్కకి మరో కుర్చీ లాక్కున్నాడు.

ఆమె ముద్ర వేసింది. తెర ఖాళీ అయింది. తరవాత కింది నుంచి పేర్లు రావడం మొదలై, ఆగకుండా వస్తూనే ఉన్నాయి. పైన నిలిచిన పేరు బళ్ల లచ్చయ్య. పొందూరు నేతగాడు. గుండె మందు మూడేళ్ల కిందట ఆగిపోయింది.

ఆమె చేసిన ఫోన్ రెండుసార్లు మోగింది. అవతల మగ్గం చప్పుడు, దాని మీద ఒక ముసలి గొంతు.

“లచ్చయ్యగారా? సాక్షి కేంద్రం నుంచి నూకరత్నాన్ని. మూడేళ్ల కిందట మీరు మందు మింగుతున్నానని చెప్పారు. నేను నమ్మలేదు. అప్పుడేం జరిగిందో ఇప్పుడు చెబుతారా? రాసుకుంటాను.”

మగ్గం ఆగింది.

“ఉండమ్మా” అన్నాడు ముసలాయన. “మగ్గం గోతిలోంచి పైకొచ్చి కూచుంటాను. సెప్పాల్సింది సాలా ఉంది.”