మైదా మాట దాచిన తీతు

"గట్ల కొడ్తవేంది? అది మాంసమా, నీ దుష్మనా?"

రెబెక్క నవ్వుతూ అడిగింది. తీతు చెక్క మీద పరిచిన పంది మాంసం ముక్కల్ని రోకలిబండతో బాదుతూనే ఉన్నాడు. ముక్క పలచబడాలి, నిజమే. కానీ అంత కసిగా కొట్టమని ఏ వంటవాడూ చెప్పడు.

ఆ కసికి కారణం ముందరి గదిలో తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పేరు దైవసహాయం. బాపట్ల నుంచి వచ్చి టైపిస్టుగా చేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో మత్తయి ఇంట్లో కిరాయికి దిగాడు. మత్తయికి రెబెక్క ఒక్కతే కూతురు. గోడ అవతలి ఇల్లు తీతుది.

అది అరవై తొమ్మిదో సంవత్సరం, తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ లేని రోజు ఊరేగింపు, ఊరేగింపు లేని రోజు కర్ఫ్యూ. తీతు వంట చేసే ఆబిడ్స్ హోటల్ కూడా మూతపడింది. సందులో నలుగురు చేరితే చాలు, మన నౌకరీలు బయటివాళ్ళు పట్టుకుపోతున్నారని వాదన. అందరికంటే గట్టిగా అరిచేది తీతే. కాకపోతే మిగతావాళ్ళ బాధ నౌకరి గురించి, అతని బాధ రెబెక్క గురించి. ఆఫీసు లేక దైవసహాయం పొద్దస్తమానం ఇంట్లోనే ఉండటం, రెబెక్క అతనికి గిన్నెలో కూర ఇవ్వడం, అతను "చాలా బాగుందండీ" అనడం, అది గోడ ఇవతలికి వినపడి తీతు కడుపు రగిలిపోవడం. కొన్నాళ్ళుగా ఇదే సాగుతోంది.

పోనీ గట్టిగా అడుగుదామా అంటే ఏ హక్కుతో? చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్లే. ప్రేమిస్తున్నానని ఇంతవరకూ ఆమెతో ఒక్క ముక్క చెప్పి ఉంటే కదా!

ఆ మధ్యాహ్నం ఆమే గోడ మీంచి పిలిచింది.

"తీతూ, మీ నాయిన చేస్తుండె చూడు, రొట్టె పొడి అద్దిన ముక్కలు, అవి జల్ది నేర్పు. పొద్దుగూకంగనే తిండికి ఒకరొస్తున్నరు."

తీతు నాయన బొల్లారంలో ఇంగ్లీషు దొరల బంగళాలో బట్లరుగా చేసి పోయాడు. ఆ ముక్కలే తీతు ఇంటి పేరుప్రతిష్ఠలు.

"ఎవరొస్తున్నరు?"

"ఉన్నరు. ఆ ఒక్కరు సరే అంటెనే నా పెండ్లి."

అని ఊరుకుందా? ముందరి గది వైపు ఒక చూపు విసిరి మరీ లోపలికి వెళ్ళింది. ఆ చూపుతో తీతుకి అంతా అర్థమైపోయింది, లేదా అర్థమైందని అతను అనుకున్నాడు.

ముక్కలు దంచడం అయింది. ఉప్పూ మిరియాల పొడీ రాయడం అయింది. బయట వాన మొదలై వంటింటి రేకుల మీద దడదడలాడింది.

"ఇగ తర్వాతేంది?" అంది రెబెక్క, నుదుటి మీది వెంట్రుకలు మోచేత్తో తోసుకుంటూ. ఆ చిన్న పనికే తీతు గుండె ఝల్లుమంది. ఈ వెంట్రుకలు తోసుకోవడం కూడా ఆ టైపిస్టు చూస్తాడా అనుకుంటే ఒళ్ళు మండింది.

తర్వాతేంటో అతనికి నడక నేర్చినప్పటి నుంచి తెలుసు. ముక్కని ముందు మైదాలో దొర్లించి దులపాలి. అప్పుడు గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి అద్ది, కాసేపు ఆరనివ్వాలి. మైదా లేకపోతే సొన మాంసాన్ని పట్టుకోదు, నూనెలో వేయగానే పొడి మొత్తం ఊడిపోతుంది.

మైదా డబ్బా ఎదురుగా అరలోనే ఉంది.

"గుడ్డు సొనల ముంచు, రొట్టె పొడి అద్దు, ఎంబడే నూనెల వెయ్యి" అన్నాడు.

"గంతేనా?"

"గంతే."

రెబెక్క అతని కళ్ళలోకి చూసింది. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే చూసింది.

"మరి ఆలుగడ్డ?"

"ఉడకబెట్టి మెదుపు. జరన్ని పాలు, జర వెన్న. క్యాబేజీ సన్నగ తరిగి ఉప్పు, నిమ్మకాయ పిండు."

ఇందులో మోసం లేదు. ఆలుగడ్డల మీద అతనికేం పగ లేదు.

చేతులు కడుక్కుని బయటపడ్డాడు. వరండాలో దైవసహాయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని నిలబడి ఉన్నాడు.

"తీతు గారూ, తడిసిపోతున్నారు, ఇలా రండి."

"మస్తు తయారైనవ్. దావత్ గదా ఇయ్యాల?"

"దావతేంటండీ! శుక్రవారం కదా, పొద్దుగూకితే మాకు సబ్బాతు, అదే విశ్రాంతి దినం, మొదలవుద్ది. చర్చికెళ్ళే దారి లేదు, గదిలోనే ప్రార్థన చేసుకుంటున్నాను."

"మరి లోపట ఒండుతున్న మాంసం?"

"అయ్యో, మేం సబ్బాతు సంఘం వాళ్ళమండీ, పంది ముట్టుకోం. నాకు పాపం పప్పన్నం వేరేగా వండారు. మాంసం ఎలీశమ్మ గారికంట. మీ అమ్మగారే కదండీ?"

తీతుకి అప్పుడు వెలిగింది. సరే అనాల్సిన ఆ ఒక్కరు తన తల్లి. అంటే ఆ పెండ్లి తనదే. దాన్ని చెడగొట్టి వచ్చింది కూడా తనే!

బురదలో చెప్పు ఒకటి ఊడిపోయినా చూసుకోకుండా వెనక్కి పరుగెత్తాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. వెనకదారిన వచ్చిన ఎలీశమ్మ పీట మీద కూర్చుని ఉంది, పక్కన మత్తయి. పెనంలో మాంసం ముక్కలు ఒట్టిగా, రొట్టె పొడి విడిగా తేలుతున్నాయి.

"గిదేంది, పొడంత ఊడిపాయె?" అంది ఎలీశమ్మ. "నీకెవరు నేర్పిండ్రు బిడ్డ?"

రెబెక్క తల వంచుకుంది. "ఎవరు లేరత్తమ్మ. నేనే ఏదో మరిచిన."

తన పేరు చెప్పదు! పరువు పోతున్నా చెప్పదు! తీతు గడప దాటి లోపలికి వచ్చాడు.

"ఆమె మరువలేదమ్మా. మైదా మాట నేనే దాచిన."

"ఎందుకు?"

వానలో తడిసిన ముఖం తుడుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదు.

"గా టైపిస్టు కోసం ఒండుతుందనుకున్న. కడుపు మండింది. నాకు గీ పిల్ల కావాలె అమ్మా. ఎన్నడో చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు. మామా, నీ బిడ్డను నాకియ్యి."

మత్తయి పై కండువాతో కళ్ళొత్తుకుని, బాగానే ఉందన్నట్టు ఎలీశమ్మ వైపు తలాడించాడు.

ఎలీశమ్మ రెబెక్క వైపు తిరిగింది. "ఇన్నవా? ఇగ మూత తియ్యి."

గట్టు మీద బోర్లించిన పళ్ళెం ఎత్తింది రెబెక్క. కింద మరో పళ్ళెంలో, మైదా, సొన, రొట్టె పొడి మూడూ చక్కగా పట్టి ఆరిన ముక్కలు వేపుడికి సిద్ధంగా ఉన్నాయి.

"పొద్దుగాలనే నేర్పిన" అంది ఎలీశమ్మ కొడుకుతో. "మొన్న చర్చిల ఈ పిల్లొచ్చి నిన్నియ్యమని నన్నే అడిగింది. వాడు నోరు తెరిచి అడిగేదాక సరే అనను పో అన్న. ఇగ ఇప్పుడంటున్న, సరే."

తీతు తెల్లబోయి రెబెక్క దగ్గరికి వచ్చాడు. "నీకు మైదా సంగతి తెల్సా? మరి నన్నెందుకు అడిగినవ్?"

"నువ్వు ఉన్నదున్నట్టు నేర్పి పోతే, నా మీద నీకేం లేదనుకుందును" అంది ఆమె, అతనికి మాత్రమే వినపడేలా. "నువ్వు దాచినవు చూడు, అప్పుడు నా పాణం కుదుటపడ్డది."

మంచి ముక్కలు ఎర్రగా వేగి పెద్దవాళ్ళ పళ్ళేల్లోకి వెళ్ళాయి. పక్కన మెదిపిన ఆలుగడ్డ, నిమ్మరసం పిండిన క్యాబేజీ. తీతు పళ్ళెంలో మాత్రం అతను నేర్పిన ఒట్టి ముక్కలే పడ్డాయి. వాటినే తినసాగాడు.

ముందరి గదిలోంచి దైవసహాయం గొంతు వినిపించింది. "పప్పు చాలా బాగుందండీ!"

తీతు చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

రెబెక్క ఇంకో ఒట్టి ముక్క అతని పళ్ళెంలో వేసింది. "తిను. రేపటి సంది ఆయన గిన్నె నువ్వే తీస్కపోయి ఇస్తవు."