విరాళం గొంతు

"ఫ్యాను ఆపితే గానీ విరాళాలు రాలవా?" అన్నాడు తండ్రి, చొక్కా కాలరు వెనక్కి లాక్కుంటూ.

"ఆ చప్పుడుకి నా మాట వినబడదు నాన్నా. ఒక్క పావుగంట ఓర్చుకో."

"పొద్దుట్నుంచీ ఇది ఎన్నో పావుగంటో."

"ఊరుకోండి మావయ్యా," అంది వదిన. "అమ్మాయిగారు విరాళం గొంతులోకి దిగిపోయారు. ఇప్పుడు మనమెవరమో కూడా తెలీదు."

అందరూ నవ్వారు, ఆమె తప్ప. ఒకప్పుడు ఆ మాటకి తనే ముందు నవ్వేది.

మహమ్మారి వచ్చి ఆఫీసు మూతపడ్డాక, ఆమె పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఇంటి నుంచే దాతలకు ఫోన్లు చేయమంది. ఆసుపత్రులకు ఆక్సిజన్ మెషీన్లు కొనాలి. ఇలా ఇళ్లలో ఒంటరిగా పనిచేసే ఉద్యోగులు దిగులుతో కుంగిపోకుండా, వారానికోసారి వాళ్ల బాగోగులు కనుక్కోవడానికి సంస్థే ఒకతన్ని పెట్టింది. మొదటి ఫోన్‌లోనే గొడవ.

"కులాసానా అండీ?"

"కులాసానే. నా టార్గెట్ ఇంకా మిగిలుంది, పెట్టేయనా?"

"ఇది దాతలతో మాట్లాడే గొంతండీ. ఇంట్లో గొంతు వేరే ఉంటుందిగా, దాంతో చెప్పండి."

"ఇంట్లో గొంతుతో అయితే తిడతాను."

"తిట్టండి. దానికేగా నాకు జీతం."

వారానికోసారి కాస్తా రోజూ అయింది. తల్లి అతనికి కులాసా బాబు అని పేరు పెట్టేసింది. వాన పడితే ఆ చప్పుడు అతనికి వినిపించాలని ఆమె ఫోన్ కిటికీలోంచి బయటికి పెట్టేది. "మా వానే గట్టిది," అని అతను పందేనికి దిగేవాడు. తన విసుగులన్నీ అతనికి చెప్పుకుంది. అడిగేవాడికీ ఏదో ఒక బాధ ఉంటుందని మాత్రం తోచలేదు.

ఒక మధ్యాహ్నం అతనన్నాడు: "ఇవాళ నాకే బాగోలేదండీ. అమ్మని ఆసుపత్రిలో చేర్చాం. భయంగా ఉంది."

ఆమె పొద్దుట్నుంచీ విరాళం ఇవ్వలేమన్న వాళ్లతోనే మాట్లాడుతోంది. నాలుక అలవాటైన దారినే పోయింది.

"మీ పరిస్థితి అర్థమైందండీ. మీ సమయానికి ధన్యవాదాలు."

"సరేనండీ," అని పెట్టేశాడు.

తనేమన్నదో ఆ తర్వాతే ఆమెకి తెలిసొచ్చింది. వెంటనే చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత బాగోగులు అడగడానికి వేరే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్లమ్మ పోయిందనీ, అతను ఉద్యోగం మానేసి తండ్రి దగ్గర ఉంటున్నాడనీ చెప్పింది ఆవిడే. ఇక ఏ మొహం పెట్టుకుని చేస్తుంది? రేపు, రేపు అనుకుంటూ నెలలు గడిపేసింది.

ఇప్పుడు వదిన నవ్వు చెవిలో ఉండగానే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. దాతకి కాదు, అతనికి చేసింది.

"నేనండీ."

"తెలుసు."

"ఆ రోజు నేనన్నది..."

"నాకు కోపం లేదండీ. మీరు పనిలో ఉన్నారని తర్వాత అర్థమైంది. కానీ ఇంకెవరికీ చెప్పుకోబుద్ధి కాలేదు."

కోపంగా ఉన్నా బాగుండేది అనుకుంది.

"ఇప్పుడు చెప్పండి. వింటాను." గొంతు వణికింది. సర్దుకోవాలని చూడలేదు.

చెప్పాడు. అమ్మని చివరిసారి గాజు తలుపు ఇవతల నుంచి చూడటం, నాన్న ఇప్పటికీ అమ్మ ఫోన్‌కి ఛార్జింగ్ పెడుతుండటం. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"నేను మీ ఇంటికి రావచ్చా?"

"ఎందుకండీ?"

"మిమ్మల్ని పెళ్లి చేసుకుంటానని చెప్పడానికి. ఫోన్‌లో చెప్తే విరాళం అడుగుతున్నాననుకుంటారు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నేనిప్పుడు అలా లేనండీ. ఎవర్నీ నవ్వించలేను."

"నవ్వించమని ఎవరడిగారు?"

"ఇటువైపు రోడ్డు బాగోలేదు. జాగ్రత్తగా రండి."

సాయంత్రం అందరూ హాల్లో ఉండగా ఆమె మామూలుగానే చెప్పింది.

"ఆదివారం కులాసా బాబు వాళ్లింటికి వెళ్తున్నాను. వాళ్లమ్మగారు పోయినప్పుడు పలకరించలేదు. పలకరించి వస్తాను. ఆయన సరేనంటే, ఆయన్నే చేసుకుంటాను."

వదిన తలొంచుకుంది. తల్లి తండ్రివైపు చూసింది.

"కాదంటే?" మెల్లగా అడిగాడు తండ్రి.

"కాదన్నా పలకరించడం మానను నాన్నా."