గిటార్ ఇంకొంచెం

"మీ గిటార్ కోరస్‌ని మింగేస్తోంది," అంది మిక్సింగ్ ఇంజనీర్, పలకరింపు కూడా లేకుండా.

సింఫనిక్ మెటల్, అంటే ఆర్కెస్ట్రా కలిపిన హోరు రాక్ వాయించే మా బ్యాండ్ మొదటి ఆల్బమ్ అది. వయొలిన్లు, నలభై గొంతుల కోరస్, మధ్యలో నా గిటార్. ఆ నలభై గొంతులూ మా అక్కవే. ఒక్కొక్కటీ విడిగా పాడింది.

"మెటల్‌లో గిటార్ వినపడకపోతే దాన్ని జోలపాట అంటారండీ," అన్నాను.

ఆమె నవ్వలేదు. ఒక చిన్న పెట్టె నా ముందుకు తోసింది. దాని మీద ఒకే ఒక నాబ్. "ఇది మీ గిటార్‌ది. మీ ఇష్టం వచ్చినంత పెంచుకోండి."

తిప్పాను. గిటార్ గదంతా నిండిపోయింది. "ఇదీ లెక్క," అన్నాను. ఆమె పెదవి కొరుక్కుంది. మెచ్చుకుంటోందనుకున్నాను.

నాలుగో రోజు పెన్ను కిందపడితే వంగాను. నాబ్ వైరు టేబుల్ కింద ఉత్తినే వేలాడుతోంది. నా చెవుల మీద నాకున్న నమ్మకం ఆ క్షణమే గంగలో కలిసింది.

కోపం వచ్చింది. కానీ గొడవ పెట్టుకుంటే వెనక సోఫాలో, గురకపెట్టే డ్రమ్మర్ పక్కన కూర్చోబెడుతుంది. నాబ్ ఉన్న కుర్చీ ఆమె పక్కన ఉంది. నోరు మూసుకుని మూడు వారాలు తిప్పాను.

చివరి రోజు రానే వచ్చింది. రేపటి నుంచి ఇక్కడికి రావడానికి నాకు ఏ వంకా లేదు. అద్దానికి అవతలి పాడే గదిలో అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పొద్దున్నుంచి ఒకే పైస్వరం పాడుతోంది. ఇంజనీర్ మైక్ ఆన్ చేసి, "ఇంకొక్కసారి అక్కా," అని నా వైపు తిరిగింది.

"మీకొకటి చెప్పాలి. ఆ నాబ్ దేనికీ కలపలేదు. తప్పు నాదే."

"తెలుసు. నాలుగో రోజే చూశాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తిప్పారు?"

నాబ్ మీంచి చెయ్యి తీశాను. "మీ పక్కన కూర్చోవాలని. మీరంటే నాకు ఇష్టం."

ఆమె కంప్యూటర్ తెర వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మిక్స్ పది రోజుల కిందటే అయిపోయింది," అంది మెల్లగా. "వయొలిన్లు చాల్లేదని, కోరస్ కుదర్లేదని నేనే సాగదీస్తున్నాను. అయిపోయిందంటే మీరు రావడం మానేస్తారు కదా."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలో స్పీకర్లలోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇద్దరం అద్దం వైపు చూశాం. ఇంజనీర్ మైక్ ఆపడం మరిచిపోయింది. అక్క అంతా విన్నది.

"అంటే," అంది అక్క బొంగురుగా, "పొద్దున్నుంచి నాచేత పదకొండుసార్లు పాడించింది వీణ్ణి నీ పక్కన కూర్చోబెట్టుకోవడానికా?"

"అవునక్కా," అంది ఇంజనీర్, తల వంచుకుని.

అక్క హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించింది.

"సరే, నాకు నచ్చావు. ఇంట్లో అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను. పెళ్ళిలో పాట పాడమని మాత్రం నన్ను అడక్కండి."