అండీ

మనసుకు తగిలిన దెబ్బల మీద పాతికేళ్ళుగా పరిశోధన చేస్తున్న మనిషి కాబట్టి, భయమంటే ఏమిటో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని డాక్టరు గారి నమ్మకం. సభల్లో ఆ మాట అన్నప్పుడల్లా చప్పట్లు పడేవి.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేసి, ప్రయోగశాల కింది అంతస్తులో ఉన్న చప్పుడు చొరబడని గదిలోకి దిగారు. మర్నాడు విచారణ సంఘం వస్తోంది. ఆయన ప్రయోగానికి వచ్చిన పద్నాలుగో నంబరు మనిషి చెల్లెలు ఫిర్యాదు చేసిందట, అసలు టేపు వినాలట.

"తీసి పెట్టాను సార్," అంది టేపులు చూసే ఆవిడ. అప్పట్లో పద్నాలుగో నంబరు మాటలు రికార్డు చేసింది ఆవిడే. "ఒక్కరే వింటారా?"

"నన్నేం దెయ్యం పట్టుకుపోదులేమ్మా," అని నవ్వారాయన. ఆవిడ తలుపు మూసి వెళ్ళిపోయింది.

ఆయన పద్ధతి చాలా పేరున్న పద్ధతి. మనిషిని చీకట్లో కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, తన బతుకులో అన్నిటికన్నా ఘోరమైన గంటను చెప్పిస్తారు. "జరిగింది" అనకూడదు, "జరుగుతోంది" అనాలి. గుండె ఎంత కొట్టుకుంటే పక్కనున్న కాగితం మీద సూది అంత ఎత్తున గీస్తుంది. తట్టుకోలేకపోతే "చాలు" అంటే సరి, వెంటనే ఆపేస్తారు. ఆ మేరకు సంతకాలు కూడా ఉంటాయి.

పద్నాలుగో నంబరు బట్టలు కుట్టుకునే మనిషి. చిన్నప్పుడు వాళ్ళ బాబాయి ఆమెను ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అందుకే ఆమె కథ నిండా "చాల్ బాబాయ్, చాల్" అనే మాటే. కానీ ఒకచోట ఆమె కళ్ళు తెరిచింది. అద్దం వెనకున్న డాక్టరు గారిని సూటిగా చూసి, "చాలండీ," అంది.

బాబాయిని ఎవరు "అండీ" అంటారు? అది తనతోనే అంటోందని ఆయనకు అప్పుడే తెలుసు. సూది అంతెత్తుకు లేవడం ఆయన జన్మలో చూడలేదు. కాగితం అంచున "కథలో భాగం" అని రాసి, "ఆగకండి, చెప్పండి," అన్నారు. ఆమె పదిహేడుసార్లు "చాలండీ" అంది. ఆ వారంలోనే తన ఇంట్లో, బట్టల బీరువాలో శవమై దొరికింది. ఆ గీత ఆయన పుస్తకానికి అట్టబొమ్మ అయింది. టేపులావిడ అంతా విని కూడా నోరు విప్పలేదు, ఉద్యోగం ముఖ్యం కదా.

ఆ పదిహేడు "అండీ"లూ తీసేస్తే మిగిలేది "చాల్", అంటే బాబాయి కథే. విచారణలో బయటపడితే పేరు, పదవి, పుస్తకం అన్నీ మట్టికొట్టుకుపోతాయి. డాక్టరు గారు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, బ్లేడు అందుకున్నారు. ఒక్కొక్క "అండీ" ముక్కా కోసి రేకు డబ్బాలో వేస్తున్నారు.

పదిహేడోది కోయగానే దీపం ఆరింది. టేపు చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

"కళ్ళు మూసుకోండి."

ఆడగొంతు. మెల్లగా, మర్యాదగా. ఆయన హెడ్‌ఫోన్స్ పీకి పారేశారు.

"ఏం వాసన వస్తోందండీ?"

ఈసారి ఆ గొంతు గదిలోనే ఉంది.

తుప్పు వాసన... పాత బట్టల వాసన... తలుపు కోసం చెయ్యి చాచారు. మోచెయ్యి పూర్తిగా చాచకముందే చల్లటి ఇనుము తగిలింది. రెండో చెయ్యి చాచారు. అటూ ఇనుమే. తల మీద ఏవో కొక్కేలు...

"నేను... నేను పొరపాటు చేశాను..."

"చేశాను అనకండి. చేస్తున్నాను అనండి."

"చాలు," అన్నారు గొణుగుతూ.

చెవి పక్కనే కాగితం మీద పెన్సిలు గీరిన చప్పుడు.

"కథలో భాగమేలెండి. ఆగకండి."

"చాలండీ!"

టప్‌మని బ్లేడు కోసిన చప్పుడు. ఆయన నోటి నుంచి సగం మాటే బయటికొచ్చింది. మళ్ళీ అరిచారు. మళ్ళీ బ్లేడు. మళ్ళీ... మళ్ళీ...

సాయంత్రం టేపులావిడ తలుపు తీసేసరికి దీపం వెలుగుతోంది. డాక్టరు గారు కుర్చీలో ముడుచుకుని ఉన్నారు. ప్రాణం ఉంది. ఎంత పలకరించినా "చాల్... చాల్..." అంటున్నారు తప్ప ఇంకో మాట లేదు. ఈనాటికీ అంతే.

ఆయన్ని తీసుకెళ్ళాక ఆవిడ బల్ల దగ్గర కూర్చుంది. డబ్బా నిండా ముక్కలున్నాయి, పదిహేడు కాదు, వందలు. ఈసారైనా నిజం బయటపెడదామని అన్నిటినీ వరసగా అతికించి వినడం మొదలుపెట్టింది. మొదటి పదిహేడూ పద్నాలుగో నంబరువి. తరవాతవన్నీ డాక్టరు గారివి, ఒకదాన్ని మించి ఒకటి ఏడుపు.

అన్నిటికన్నా చివరి ముక్కలో "అండీ" అన్నది తన గొంతు. టేపు తిరుగుతుండగా ఆవిడ ఇంతవరకూ ఏనాడూ నోరు విప్పలేదు.