మొదటి శనివారం, మధ్యాహ్నం పన్నెండు

ఇరవై ఆరేళ్లయింది. అయినా అక్టోబరులో వాన పడితే చాలు, ఆ శిక్షణ కేంద్రంలో తడిసిన రబ్బరు పైపుల వాసన ముక్కుకి తగులుతుంది. వెంటనే ఒక గొంతు కూడా వినిపిస్తుంది.

"బాగా అంటే ఎంత?"

ఆ గొంతు పొలోనాది. మొదటి రోజు, మొదటి క్లాసులోనే, ఇరవైమంది ముందు ఆ ఒక్క ముక్కతో నా పరువు తీసేసింది.

మా స్లొవేనియాలో ఊరూరా ఒక ఫైర్ దళం ఉంటుంది. జీతాల్లేవు. పగలంతా ఎవరి పని వాళ్లదే, సైరన్ మోగితే మాత్రం చేతిలో పని అక్కడే పడేసి పరిగెత్తాలి. నేను కొండ మీది ఊరి వడ్రంగిని, పేరు గాష్పెర్. పదేళ్లుగా మంటలార్పుతున్నాను కదా, నలుగురికి నేర్పడం ఏమంత పని అనుకుని శిక్షకుల కోర్సుకి వచ్చాను. తీరా చూస్తే అక్కడ మంటలే లేవు, అన్నీ కాగితాలే. ఎవరికి నేర్పాలి, ఎందుకు, ఎన్ని గంటల్లో, వాళ్లు నేర్చుకున్నారో లేదో ఎలా తేల్చాలి. ఇవన్నీ రాసి ఒక ప్రోగ్రాం తయారు చేయాలి. దాన్ని నడపాలి. నడిపాక ఎలా జరిగిందో నివేదిక ఇవ్వాలి.

మా గురువు ఆల్బిన్ సార్ అందరినీ ఒక లక్ష్యం రాసి చదవమన్నారు. నేను లేచి ధీమాగా చదివాను. "ఈ శిక్షణ తర్వాత అందరికీ పైపులు కలపడం బాగా తెలుస్తుంది."

అప్పుడే వెనక బెంచీ నుంచి ఆ గొంతు. "బాగా అంటే ఎంత? తెలిసిందని మీకెలా తెలుస్తుంది?"

"మొహం చూస్తే తెలుస్తుందండీ."

"ఇప్పుడు మీ మొహం చూస్తే మీకేం తెలిసినట్టు లేదే."

క్లాసంతా ఘొల్లున నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. "ఇద్దరు మనుషులు నిమిషన్నరలో మూడు పైపులు కలిపి నీళ్లు తెప్పించగలరు. అలా రాయండి. అప్పుడు గడియారం పెట్టి చూడొచ్చు," అంది.

ఒళ్లు మండిపోయింది నాకు. వెనక్కి తిరిగి చూశాను. పొట్టి జుట్టు, వానకి ఎర్రబడ్డ ముక్కు, పోస్టాఫీసు వాళ్ల నీలం కోటు. ఆ మంట ఎక్కువసేపు నిలవలేదు.

సాయంత్రం ఆల్బిన్ సార్ తన హెల్మెట్‌లో పేర్ల చీటీలు వేసి జంటలు తీశారు. "గాష్పెర్, పొలోనా!"

"ఖర్మ," అందామె, నాకు వినపడేలాగే.

"నా ఖర్మ కూడా లెక్కలో వేసుకోండి," అన్నాను.

రెండు వారాల కోర్సు. ప్రతి జంటా దగ్గర్లోని ఒక ఊరి దళానికి ప్రోగ్రాం తయారు చేసి, నిజంగా నడిపి చూపించాలి. రోజూ సాయంత్రం క్యాంటీన్‌లో ఒకే బల్ల మీద కాగితాలు పరుచుకుని, బార్లీ సూప్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పోట్లాడుకునేవాళ్లం. మూడో రోజుకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాలుగో రోజు ఆమె కథ చెప్పింది.

"మా దళంలో ముప్పై ఒక్కమంది మగాళ్లు, నేనొక్కదాన్ని. నిచ్చెన పట్టుకుంటే 'నీకు బరువు తల్లీ' అని లాగేసుకుంటారు. పంపు దగ్గరికి వెళ్తే 'మసి అంటుతుంది తల్లీ' అంటారు. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగితే ఈ కోర్సుకి పంపారు. కమాండర్ ఏమన్నాడో తెలుసా? సర్టిఫికెట్ తెస్తే ఊరి పిల్లలకి పని నేర్పే పిల్లల దళం నీది, తేకపోతే ఇక ఆడవాళ్లని పంపమనే మాట ఎత్తకు, అన్నాడు."

"తెస్తావులే."

"లే కాదు. తేవాలి. నా వెనక ఇంకో నలుగురు ఆడపిల్లలు ఎదురుచూస్తున్నారు."

అప్పుడే మనసులో ఒట్టు పెట్టుకున్నాను, ఏం చేసైనా ఈ పిల్లకి సర్టిఫికెట్ వచ్చేలా చూడాలని. ఆ 'ఏం చేసైనా' అన్నదే కొంప ముంచింది.

మా డ్రిల్లు ముందుగా ఎవరికీ చెప్పకుండా చేసేది. ఊరి కమాండర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. సైరన్ మోగాలి, జనం పరిగెత్తుకు రావాలి, అప్పటినుంచి శిక్షణ మొదలు. శనివారం అయితే అందరూ ఊళ్లో ఉంటారని పొలోనా అంది. మధ్యాహ్నం పన్నెండింటికైతే భోజనానికి ఇంట్లోనే దొరుకుతారని నేనన్నాను. ఆమె రాసి, పేజీ కింద సంతకం పెట్టింది. ఏ పేజీ ఎవరు తయారుచేస్తే వాళ్లే సంతకం పెట్టాలని అక్కడ నియమం.

శనివారం వచ్చింది. ఊరి ఫైర్ స్టేషన్ ముందు ఆల్బిన్ సార్ చేతిలో స్టాప్‌వాచీ. పొలోనా సైరన్ మీట మీద వేలు పెట్టి నా వైపు చూసింది. నేను తలూపబోతున్నాను.

సైరన్ మోగింది.

"నేనింకా నొక్కలేదు!" అంది పొలోనా, తన వేలు తనే చూసుకుంటూ.

పక్క ఊళ్లోనూ మోగుతోంది. ఆ పక్క ఊళ్లోనూ. ఎదురింటి అరుగు మీద చుట్ట కాలుస్తున్న ముసలాయన సిల్వో, నలభై ఏళ్లు ఈ దళంలోనే పనిచేసినవాడు, తీరిగ్గా చేతి గడియారం సరిచేసుకున్నాడు. పై కిటికీలోంచి ఎవరో పిల్లల్ని భోజనానికి పిలిచారు. ఒక్క పురుగు కూడా స్టేషన్ వైపు రాలేదు.

సైరన్ ఆగింది. పొలోనా పళ్లు బిగించి మీట నొక్కింది. మళ్లీ మోగింది. అయినా అంతే.

నేను రోడ్డు దాటి పరిగెత్తాను. "తాతా, సైరన్ వినపడలేదా?"

"ఎందుకు వినపడదురా? పోయిన నెల కంటే బాగా మోగింది. ఇవాళ రెండుసార్లు పరీక్ష పెట్టినట్టున్నారే!"

నెత్తిన చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. నెల మొదటి శనివారం. మధ్యాహ్నం పన్నెండు. దేశమంతా సైరన్లు పనిచేస్తున్నాయో లేదో మోగించి చూసే వేళ. ఆ వేళ సైరన్ వింటే మా జనం గడియారం దిద్దుకుంటారు, సూప్ వడ్డించుకుంటారు తప్ప ఎక్కడికీ పరిగెత్తరు. పుట్టినప్పటినుంచీ వింటున్న సైరన్ని మేమిద్దరం మర్చిపోయాం.

వాన మొదలైంది. పొలోనా స్టేషన్ మెట్టు మీద కూలబడింది. "అయిపోయింది గాష్పెర్. నా పని అయిపోయింది."

ఆల్బిన్ సార్ స్టాప్‌వాచీ జేబులో వేసుకున్నారు. "రేపు మళ్లీ చేయండి. సాయంత్రానికి ఫైలంతా నా బల్ల మీద ఉండాలి. ఇవాళ జరిగింది కూడా అందులో ఉండాలి."

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసి జనమంతా వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు సైరన్ మోగించాం. ఏడు నిమిషాల్లో ఇరవై రెండుమంది వచ్చారు, ముసలి సిల్వోతో సహా. ఒక నిమిషం ఇరవై సెకన్లలో నీళ్లొచ్చాయి. పొలోనా ఎగిరి నా భుజం మీద గుద్దింది. ఆ గుద్దు సంతోషంలో నేనొక వెధవ పని చేశాను. ఫైలు ఇచ్చే ముందు తేదీ, సమయం ఉన్న పేజీ తీసేసి, నా చేతిరాతతో మళ్లీ రాసి, కింద నా సంతకం పెట్టేశాను. తప్పు నా నెత్తిన పడితే ఆమెకి ఇబ్బంది ఉండదు కదా అని.

సాయంత్రం అందరి ముందూ ఆల్బిన్ సార్ ఫైలు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. "తేదీ నిర్ణయించింది గాష్పెర్ అన్నమాట."

పొలోనా లేచి నిలబడింది. నా వైపు ఒక్క చూపు చూసింది. "కాదు సార్. ఆ పేజీ నాది. ఆ తప్పు నాది. ఇది తర్వాత మార్చి పెట్టిన కాగితం."

నాకు తల తీసేసినట్టయింది.

"తేదీ తప్పయితే దిద్దుకున్నారు, అందుకు మార్కులు పోవు," అన్నారు ఆల్బిన్ సార్. "కాగితం మారిస్తే మాత్రం, రేపు ఎవరో ఆ కాగితాన్ని నమ్మి మంటల్లోకి వెళ్తారు. పొలోనా పాస్. గాష్పెర్, వచ్చే ఏడాది మళ్లీ రా."

బస్టాపులో ఆమె నా వెనకే వచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను.

"నీ కోసమే చేశాను," అన్నాను.

"నేనడిగానా? మా ఊళ్లో ముప్పై ఒక్కమంది నాకు సాయం చేస్తూ చేస్తూనే నన్ను దేనికీ పనికిరాకుండా చేశారు. నువ్వు ముప్పై రెండోవాడివి!"

బస్సొచ్చింది. ఎక్కేశాను. తర్వాత ఆమె రెండు ఉత్తరాలు రాసింది. పొగరు నాది, జవాబివ్వలేదు. కానీ ఆ ఉత్తరాలు ఎన్నిసార్లు చదివానంటే మడతల దగ్గర చిరిగిపోయాయి. ఆమె అన్నది నిజమేనని ఒప్పుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఒప్పుకున్నాక జవాబు రాయడానికి మొహం చెల్లలేదు.

మరుసటి అక్టోబరులో మళ్లీ అదే కేంద్రం, అదే వాన. ఆల్బిన్ సార్ తలుపు తీసి, "నివేదికలు రాయడం మీకు ఈవిడ నేర్పుతారు. పిల్లల దళాలకి ఈవిడ తయారుచేసిన ప్రోగ్రాం ఇప్పుడు తొమ్మిది ఊళ్లలో నడుస్తోంది," అన్నారు.

పొలోనా లోపలికి వచ్చింది. "సాయానికి!" అని మా ఫైర్‌వాళ్ల పలకరింపు పలకరించి, అందరినీ చూస్తూ నా దగ్గరికొచ్చేసరికి అర క్షణం ఆగింది.

రెండు వారాలు నన్ను 'మీరు' అనే పిలిచింది. నా కాగితాల నిండా ఎర్ర సిరా. ఒకచోట "బాగా" అని రాస్తే దాని చుట్టూ మూడు సున్నాలు చుట్టింది. నేను నోరు మెదపకుండా దిద్దుకున్నాను. మా డ్రిల్లులో ఒక పైపు కలవలేదు. ఎవరి చేతిలో కలవలేదో, నేనేం నేర్పకపోవడం వల్ల కలవలేదో ఉన్నదున్నట్టు రాసి, నా సంతకం పెట్టి ఇచ్చాను.

ఆఖరి రోజు ఆ నివేదిక చేత్తో పట్టుకుని వరండాలో నా దగ్గరికొచ్చింది.

"ఇందులో తప్పు పట్టడానికేం లేదు," అంది.

"ఏడాది పట్టింది," అన్నాను. "నీ ఉత్తరాలకి జవాబు రాయలేదు. సిగ్గేసింది. క్షమించు పొలోనా. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం."

"నిజం..." ఆమె వాన వైపు చూసింది. "నా నివేదికలో కూడా ఒక అబద్ధం ఉంది. ఏడాదిగా పీకుతోంది."

"నీ నివేదికలోనా?"

"కారణం అన్నచోట 'క్యాలెండర్ చూడలేదు' అని రాశాను. ఎందుకు చూడలేదో రాయలేదు. క్యాలెండర్ సరిగ్గా నీ వెనక గోడకే ఉంది. నీ చొక్కా మూడో గుండీ ఊడిపోయి దారానికి వేలాడుతోంది. అడిగి కుట్టనా, అడగకుండా కుట్టనా అని ఆలోచిస్తూ తేదీ వేసేశాను."

నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. "అయితే నేనూ ఒప్పుకోవాలి. గోడకి క్యాలెండర్ ఉందన్న సంగతే నాకు ఇప్పుడు తెలిసింది."

ఆమె ముక్కు మళ్లీ ఎర్రబడింది. చటుక్కున తిరిగి ఆల్బిన్ సార్ గదిలోకి నడిచింది. నేను వెంటపడ్డాను. ఆమె నా నివేదిక ఆయన బల్ల మీద పెట్టింది.

"సార్, ఈయనకి మార్కులు నేను వేయను. మీరు వేయండి."

"ఏమ్మా? బాలేదా?"

"బావుంది. కానీ నేను వేస్తే న్యాయం కాదు. ఈయన్ని పెళ్లి చేసుకుంటున్నాను."

ఆల్బిన్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డ నన్ను చూశారు. "ఏరా అబ్బాయ్, నాకొక మాటైనా చెప్పలేదే!"

"నాకూ ఇప్పుడే తెలిసింది సార్," అన్నాను.